పసుపు కుంకుమ డబ్బు

ప్రతి నెలా మొదటి వారం దాటాక మా అమ్మ ఫోన్ చేసి అడిగే మొదటి మాట, "మునిసిపాలిటీ వాళ్ళు వడ్డీ ఇచ్చారా తల్లీ?" అని. ఆరోగ్యం సంగతి, పిల్లల సంగతి ఆ తర్వాతే. ఇచ్చారమ్మా అంటే, "అమెరికా మునిసిపాలిటీలు కదా, ఇస్తార్లే. మన వాళ్ళకి కుళాయి విప్పడానికే చేతులు రావు" అని ఒక చురక వేసి, అప్పుడు అసలు కబుర్లలోకి దిగుతుంది.

అమ్మ దృష్టిలో నేను ఇక్కడ న్యూజెర్సీలో కూర్చుని మునిసిపాలిటీలకి అప్పులిచ్చే వడ్డీ వ్యాపారిని. పూర్తిగా తప్పు కూడా కాదు. ఆ కథే ఇవాళ రాద్దామని.

నా పెళ్ళప్పుడు నాన్న పసుపు కుంకుమ కింద అరెకరం మాగాణి నా పేర రాశారు. తెనాలి దగ్గర నల్లరేగడి. వరి కోశాక మినుము చల్లేవాళ్ళు. నేను ఇటు వచ్చేసినా కౌలు బస్తాలు అమ్మా వాళ్ళింటికే వెళ్ళేవి, నేనెప్పుడూ లెక్క అడగలేదు. నాన్న పోయాక అన్నయ్య చూసుకున్నాడు కానీ, వాడికి వాడి పొలమే బరువైంది. 2021లో అమ్మేశాం. ఎన్నారైలు పొలం అమ్మితే ఆ డబ్బు ఎన్నారో ఖాతాలో పడాలి, అప్పట్లో ఆడిటరు దగ్గర 15సిబి కాగితం తీసుకోవాల్సి వచ్చేది, 15సిఎ నింపాల్సి వచ్చేది, అప్పుడుగానీ బ్యాంకు డాలర్లు పంపేది కాదు. ఆ తతంగమంతా అయ్యి, ఇక్కడ కట్టాల్సిన పన్నుకి పక్కన పెట్టి చూసుకుంటే 48,000 డాలర్లు మిగిలాయి. డిసెంబరు ఆఖరి వారంలో నా ఒక్కదాని పేరున తెరిచిన ఖాతాలో పడ్డాయి.

పద్ధెనిమిదేళ్ళ కాపురంలో నా ఒక్కదాని పేరున ఖాతా తెరవడం అదే మొదలు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇన్నేళ్ళూ అవసరం పడలేదు, అంతే. బ్యాంకులో అమ్మాయి "ఒక్కరి పేరేనా?" అని రెండు సార్లు అడిగింది. రెండో సారి కాస్త గట్టిగానే అవునన్నాను.

డబ్బు వచ్చిన వారానికే మా ఆయన ఒక కాగితం తెచ్చారు. వాళ్ళ ఆఫీసు స్నేహితుడి బృందం టెక్సాస్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ కొంటోందట. తలా 50,000 వేస్తే నెలనెలా ఇంత, ఐదేళ్ళ తర్వాత అమ్మితే అంత. ఇక్కడ మన తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీలకి వెళ్ళే వాళ్ళకి ఈ కబుర్లు కొత్త కాదు. బిర్యానీ పళ్ళెం చేతిలో ఉండగానే మొదలవుతాయి.

"నీ డబ్బు బ్యాంకులో ఊరికే పడుంది. దానికో రెండు వేలు కలిపితే సరిపోతుంది" అన్నారు.

ఊరికే పడుందన్న మాట నిజమే. అప్పట్లో పెద్ద బ్యాంకుల్లో సేవింగ్స్ ఖాతాకి ఇచ్చే వడ్డీ ఏడాదికి నూటికి ఒక్క పైసా. వెక్కిరింతకి అనడం లేదు, 0.01 శాతమే ఉండేది. కానీ నాకు తెలుసు, అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయని. డాక్టరు చేయించమని చెప్పి ఏడాదైంది, అమ్మ వాయిదా వేస్తోంది. అన్నయ్య పెడతానంటే వాడి పిల్లల ఫీజులు గుర్తు చేస్తుంది. "అల్లుడి డబ్బుతో కాళ్ళు బాగు చేయించుకుంటానా" అంటుంది. ఈ డబ్బైతే కాదనలేదు, నాన్న నాకిచ్చిన భూమిది కాబట్టి. రెండు మూడేళ్ళలో ఎప్పుడైనా తీయాల్సి రావచ్చు. ఐదేళ్ళు తాళం పెట్టే చోట వేస్తే ఎలా?

"నేను వెయ్యనండీ" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు, నేను చెప్పలేదు. నాలుగు రోజులు ఇంట్లో మాటలు కూరకి ఉప్పు సరిపోయిందా అన్నంత వరకే నడిచాయి. తర్వాత ఆయన తన బోనస్ డబ్బు అందులో వేసుకున్నారు.

వెయ్యనన్నాను సరే, మరి ఎక్కడ వెయ్యాలి? బియ్యే తెలుగు చదివిన దాన్ని, ఛందస్సు అడగండి చెప్తాను గానీ ఇదేం తెలుసు! అప్పుడే మా ఊరి స్కూలు డిస్ట్రిక్టు నుంచి ఒక కాగితం వచ్చింది. స్కూలు పైకప్పులు మార్చాలి, సైన్సు గదులు కట్టాలి, దానికి బాండ్లు అమ్మి అప్పు తెస్తాం, ఓటెయ్యండి అని. వాళ్ళకి అప్పు ఎవరిస్తారు? అని మా అమ్మాయిని అడిగితే, "ఎవరైనా ఇవ్వచ్చమ్మా, నువ్వు కూడా" అంది. అక్కణ్ణించి మొదలైంది నా వెతుకులాట.

ఈ దేశంలో ఊళ్ళు, కౌంటీలు, రాష్ట్రాలు, స్కూలు డిస్ట్రిక్టులు, నీళ్ళ బోర్డులు ఇలా అప్పు తెచ్చే బాండ్లన్నిటినీ కలిపి మునిసిపల్ బాండ్లంటారు. వీటి గొప్పతనం ఏమిటంటే వీటి మీద వచ్చే వడ్డీకి కేంద్రం ఆదాయపు పన్ను వెయ్యదు. 1913లో ఆదాయపు పన్ను చట్టం వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. విడిగా ఒక బాండు కొనాలంటే మామూలుగా 5,000 డాలర్ల చొప్పున కొనాలి. ఏ ఊరు గట్టిదో ఏ ఊరు గుల్లో మనకేం తెలుస్తుంది? అందుకని వందల, వేల బాండ్లు ఒక బుట్టలో వేసి, ఆ బుట్టని ముక్కలుగా షేర్ల లాగా అమ్ముతారు. అదే ఈటీఎఫ్. మార్కెట్టు తెరిచి ఉన్నప్పుడు ఎప్పుడైనా కొనచ్చు, అమ్మచ్చు. ఆ బుట్టల్లో కొన్ని దీర్ఘకాలపువి, కొన్ని స్వల్పకాలపువి. స్వల్పకాలపు బుట్టలో ఉండేవి ఏ ఐదేళ్ళలోపో గడువు తీరే బాండ్లు. అందులోనూ కాలిఫోర్నియా, న్యూయార్క్, టెక్సాస్ వాళ్ళ అప్పులే ఎక్కువ. ఖర్చు కూడా తక్కువ. బాగా చవకగా నడిపే వాటిలో వెయ్యి డాలర్లకి ఏడాదికి 70 సెంట్లు తీసుకునేవి ఉన్నాయి. నేను కొన్న ఫండు పేరు మాత్రం అడక్కండి. పేరు రాస్తే అది సలహా అయిపోతుంది, నేను సలహాలిచ్చేంత దాన్ని కాదు.

అమ్మకి ఫోన్లో చెప్పాను. "వడ్డీ ఎంత?" అంది. అప్పటి లెక్కన ఏడాదికి నూటికి ముక్కాలు రూపాయి కూడా లేదు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మా వైపు నోటు రాస్తే నూటికి నెలకి రెండు రూపాయలు. అంటే ఏడాదికి ఇరవై నాలుగు.

"ఏడాదికా? నీ మొహం! కోళ్ళు పెంచుకున్నా అంతకన్నా వస్తాయి."

"నాన్న రెండు రూపాయల వడ్డీకి ఇచ్చిన నోటు ఏమైందమ్మా?" అన్నాను. అమ్మ నవ్వేసింది. ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. నోటు రాసిన ఆసామి ఐపీ పెట్టి మా కళ్ళముందే కొత్త మోటారు సైకిలు మీద తిరిగాడు. ఆ నోటు నాన్న ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉంది.

"అక్కడి మునిసిపాలిటీలు ఐపీ పెట్టవా?" అంది వెంటనే. మా అమ్మ ఆరో తరగతితో ఆపేసింది గానీ ఆవిడ అడిగిన ప్రశ్న నేను చదివిన పుస్తకాల్లో మూడో అధ్యాయంలో ఉంది. పెడతాయి. 2013 జులైలో డెట్రాయిట్ నగరం పెట్టింది, దాదాపు 1,800 కోట్ల డాలర్ల అప్పులతో. అంతకు ముందు 1994లో కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ, బోలెడంత డబ్బున్న కౌంటీయే, పెట్టింది. కానీ ఇలాంటివి అరుదు. బుట్టలో వందల ఊళ్ళున్నప్పుడు ఒక ఊరు మునిగితే మన బుట్టలో ఒక గింజ పుచ్చినట్టు. ఇదే చెప్పాను. మన హైదరాబాదు కార్పొరేషన్ కూడా 2018లో 200 కోట్లకి బాండ్లు అమ్మిందమ్మా, 8.9 శాతానికి అని చెప్తే, "మరి అవే కొనకపోయావా" అంది. అమ్మతో గెలవలేం.

2022 జనవరిలో మొత్తం 48,000 పెట్టి కొనేశాను. ఇంతకంటే చెడ్డ ముహూర్తం పంచాంగం ముందేసుకుని వెతికినా దొరికేది కాదు.

మొదటి నెల 28 డాలర్లు పడ్డాయి. సంతోషించాను. మార్చిలో ఫెడరల్ రిజర్వు వాళ్ళు పావు శాతంతో వడ్డీ పెంచడం మొదలెట్టారు. ఆ ఏడాది డిసెంబరుకల్లా సున్నాకి దగ్గరున్న రేటుని నాలుగుంపావు దాటించారు. నా ఖాతాలో అంకెలు ఎర్రబడ్డాయి. వేసవిలో 47,000, అక్టోబరుకి 46,000 చిల్లర. క్షేమంగా ఉంటుందని పెట్టిన డబ్బు, అమ్మ మోకాళ్ళ డబ్బు, నా కళ్ళముందే రెండు వేలు కరిగింది. రాత్రుళ్ళు మా ఆయన పడుకున్నాక ఫోను తీసి చూసుకునేదాన్ని, మార్కెట్టు రాత్రి మారదని తెలిసి కూడా.

ఒక రోజు ఆయన చూడనే చూశారు. "నీ సేఫ్ ఫండు ఏంటి, ఇలా ఉంది?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. కానీ నాకు వెటకారంలాగే వినిపించింది. ఆయన అపార్ట్‌మెంట్ డబ్బు అప్పటికి నెలనెలా ఠంచనుగా వస్తోంది మరి.

నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ఈ ఫండుని ఫిక్సెడ్ డిపాజిట్ అనుకున్నాను. డిపాజిట్‌కి గడువు తేదీ ఉంటుంది, ఆ రోజు వేసినంతా వస్తుంది. ఈ బుట్టకి గడువు లేదు. లోపలి బాండ్లకి ఒక్కోదానికీ గడువుంది. తీరినవి పోతాయి, కొత్తవి వస్తాయి, బుట్ట మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దాని ధర రోజూ మారుతుంది. ఈ సంగతి ఫండు వాళ్ళ కాగితంలోనే ఉంది, నేనే చదివి కూడా చదవనట్టు వదిలేశాను.

అమ్మ దగ్గర దాచలేక చెప్పేశాను. "అసలు ఎందుకు తగ్గింది?" అంది. వడ్డీలు పెరిగాయమ్మా అన్నాను. "వడ్డీలు పెరిగితే మంచిదేగా?" అని తనే కాసేపు ఆలోచించి అంది:

"ఓహో. అర్ధ రూపాయి వడ్డీకి రాయించుకున్న నోటు నీ చేతిలో ఉంది. ఇప్పుడు బజార్లో రూపాయిన్నరకి నోట్లు రాస్తున్నారు. నీ నోటు ఇప్పుడే అమ్ముతానంటే పూర్తి డబ్బిచ్చి ఎవడు కొంటాడే? తగ్గించి అడుగుతాడు. గడువు దాకా కూర్చున్నావనుకో, ఆ ఊరాయన పూర్తిగా ఇవ్వడూ?"

నేను మూడు రోజులు వీడియోలు చూసి అర్థం చేసుకున్నది ఇదే. వాళ్ళు దీన్నే డ్యూరేషన్ అంటారు. ఇలాంటి స్వల్పకాలపు ఫండుకి అది రెండేళ్ళ దగ్గర ఉంటుంది. అంటే వడ్డీ రేట్లు ఒక్క శాతం పెరిగితే ధర సుమారు రెండు శాతం పడుతుంది. అదే ఏడాది అన్ని రకాల బాండ్లూ కలిపిన పెద్ద ఫండ్లు 13 శాతం దాకా పోయాయి. అలా చూస్తే నాది దెబ్బ కాదు, గీసుకుపోవడమే. లోపలి నోట్లు గడువు తీరేకొద్దీ వచ్చిన డబ్బుతో కొత్త, ఎక్కువ వడ్డీ నోట్లు కొంటారు. నెలనెలా వచ్చేది పెరుగుతూ పోతుంది. నిజంగానే పెరిగింది కూడా. ఇరవై ఎనిమిది కాస్తా మరుసటి ఏడాదికి అరవై దాటింది, అదీ అసలులో కొంత తీసేసిన తర్వాత.

తీయడం సంగతి. 2023 ఫిబ్రవరిలో అమ్మ బాత్రూంలో జారింది. ఎముకలు విరగలేదు గానీ ఇక వాయిదా వెయ్యడానికి లేదన్నారు. గుంటూరులో రెండు మోకాళ్ళకీ కలిపి ఆరు లక్షలు దాటుతుందన్నాడు అన్నయ్య. ఆ రోజు పొద్దున్న వంట మధ్యలో ఫోన్లోనే అమ్మేశాను, 8,000కి కొన్న షేర్లు. మూడు శాతం తగ్గి 7,760 వచ్చాయి. రెండు పనిదినాల్లో డబ్బు చేతికందింది. అదే అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఎవరిని అడుక్కునేదాన్ని?

240 డాలర్లు పోయాయని మనసులో ముల్లులా ఉండగానే అన్నయ్య ఫోన్ చేశాడు. "ఆరు లక్షల నలభై వేలు పడ్డాయే" అని. నాకర్థం కాలేదు. లెక్కేస్తే తేలింది. పొలం డబ్బు ఇటు తెచ్చినప్పుడు డాలరు 74 రూపాయల 50 పైసలు. ఇప్పుడు 82 రూపాయల 50 పైసలు. ఆ 8,000 డాలర్లు ఇటు వచ్చినప్పుడు ఐదు లక్షల తొంభై ఆరు వేలు. నష్టానికి అమ్మి వెనక్కి పంపితే ఆరూ నలభై! ఇందులో నా తెలివి గోరంత లేదు, రూపాయి పడిపోయింది అంతే. కానీ అమ్మ ఆసుపత్రి మంచం మీంచి అందరికీ చెప్పిందట, మా అమ్మాయి అమెరికాలో మునిసిపాలిటీలకి అప్పిచ్చి లాభం తీసిందని.

ఇంతా చెప్పి ఒక నిజం చెప్పకపోతే పాపం. 2023లో అమెరికా ప్రభుత్వపు ట్రెజరీ బిల్లులు ఐదు శాతం దాటి ఇచ్చాయి. మాది 24 శాతం పన్ను శ్లాబు. ఐదులో పన్ను పోగా మూడు పాయింట్ ఎనిమిది మిగులుతుంది. నా ఫండు పన్ను లేకుండా ఇచ్చేది అంతకంటే తక్కువే. అప్పుడే మార్చాల్సింది. మార్చలేదు. కొంత బద్ధకం, కొంత మమకారం.

పన్ను లేదన్న మాటకి మురిసిపోయే ముందు ఎవరి లెక్క వాళ్ళు వేసుకోవాలి. పన్ను లేని 3 శాతం మాలాంటి 24 శాతం శ్లాబు వాళ్ళకి పన్నున్న 3.95 శాతంతో సమానం. 12 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకి 3.41తోనే సమానం. కొత్తగా ఉద్యోగంలో చేరిన మా చెల్లెలి కొడుకు "పిన్నీ, నేనూ కొంటా" అంటే, కాదు పెద్దమ్మా అనరా ముందు, తర్వాత నీ శ్లాబు చూసుకో అన్నాను. పైగా పన్ను లేదంటే కేంద్రానికే. వేరే రాష్ట్రాల బాండ్ల మీద వచ్చిన వడ్డీకి మా న్యూజెర్సీ వాళ్ళు పన్ను వేస్తారు. మొదటి ఏడాది రిటర్ను నింపుతుంటే తెలిసింది. డల్లాస్‌లో ఉన్న నా స్నేహితురాలికి ఆ బాధ లేదు, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. ఎక్కువ ధరకి అమ్మితే వచ్చే లాభానికి పన్ను ఉంది. నష్టం వస్తే చూపించుకోవచ్చు. నా 240 అలా చూపించాను. మా ఆయన అప్పుడప్పుడూ అన్నట్టు ఇండియాకి తిరిగి వెళ్ళిపోయామనుకోండి, మొదటి రెండు మూడేళ్ళ వెసులుబాటు అయ్యాక అక్కడ ప్రపంచంలో ఎక్కడి వడ్డీకైనా పన్ను కట్టాల్సిందే. అమెరికా మునిసిపాలిటీ అని మన ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు మొహమాటపడరు. 2020 మార్చిలో కోవిడ్ భయానికి అందరూ ఒక్కసారే అమ్మబోతే ఇలాంటి ఫండ్లు కూడా కొన్నాళ్ళు లోపలి బాండ్ల విలువకంటే తక్కువకే అమ్ముడయ్యాయట. అమ్మ ఆ నెల్లో జారి ఉంటే? ఆ ఆలోచన వచ్చాక, ఆరు నెలల అవసరానికి సరిపడేది మామూలు ఖాతాలోనే ఉంచుతున్నాను.

ఆయన అపార్ట్‌మెంట్ డబ్బు 2023 వేసవిలో రావడం ఆగింది. వాళ్ళు తెచ్చిన అప్పు మారే వడ్డీదట, రేట్లతో పాటు అదీ పెరిగింది. తర్వాత ఇంకొంత డబ్బు వెయ్యమని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం డైనింగ్ టేబుల్ మీద రెండు రోజులుంది. నేను దాన్ని పక్కకి జరిపి పళ్ళేలు పెట్టాను, ఏమీ అడగలేదు. మూడో రోజు ఆయనే అన్నారు, "నీది ఎంత మిగిలింది?" అని. గుండె ఝల్లుమంది. నలభై వేలకి కాస్త తక్కువ అన్నాను. "ఉండనీ, తియ్యకు" అన్నారు. అంతే. ఆ విషయం మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

మొన్న మా అమ్మాయి కాలేజీలకి ఆర్థిక సాయం ఫారాలు నింపుతూ ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేను పోపు వేస్తున్నాను.

"అమ్మా, పన్ను లేని వడ్డీ ఉంటే రాయాలట. నాన్నని అడిగితే మనకి అలాంటిదేం లేదన్నారు."

పన్ను లేకపోయినా సాయం లెక్కలో దాన్ని కలుపుతారు. 1040 ఫారంలో కూడా 2ఎ వరసలో విడిగా చూపించాలి.

"ఉంది. 712 డాలర్లు."

"ఎవరిది?"

"నాది" అన్నాను. ఆవాలు చిటపటలాడుతుంటే వినిపించలేదేమో, మళ్ళీ అడిగింది. స్టవ్ తగ్గించి మళ్ళీ చెప్పాను.